పండుకొని ఆడే ఆట

ఏం ఆట ఆడతావని ఎవరైనా అడిగితే నవనీత ముందు ఒక ఊపిరి వదులుతుంది. ఆ సంభాషణ ఎటు పోయి ఎటు తేలుతుందో ఆమెకు ఎప్పుడో కంఠతా వచ్చేసింది. రైఫిల్ షూటింగ్ అంటుంది. అవతలి మనిషి కళ్ళు పెద్దవవుతాయి. నిలబడి కొడతారా, కూర్చుని కొడతారా అని అడుగుతారు. పండుకొని, అంటుంది. కళ్ళు మళ్ళీ మామూలైపోతాయి.

"పండుకొని ఆడే ఆట గూడ ఉంటదా మేడం! గట్లయితె మా ఆయనకే కప్పు ఇయ్యాలె," అంది ఒకసారి సూర్యాపేట బస్టాండులో ఒకావిడ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవనీత కూడా నవ్వింది. నవ్వకపోతే బస్సొచ్చేదాకా వివరించాలి, అంత ఓపిక ఆమెకు లేదు.

ఓపిక లేదన్న మాట ముందు ముందు చాలాసార్లు వస్తుంది కాబట్టి ఆ మనిషి రోజెట్లా గడుస్తుందో చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నవనీత సూర్యాపేటలో ఒక ఆడపిల్లల గురుకులంలో పీఈటీ, అంటే ఆటల టీచరు. పొద్దున ఈల ఊది పిల్లలను మైదానంలోకి తోలడం దగ్గర్నుంచి సాయంత్రం కబడ్డీలో మోకాళ్ళు చీరుకున్నవాళ్ళకు మందు పూయడం దాకా ఆమె పనే. లెక్కల టీచరు సెలవు పెడితే ఆ క్లాసూ ఆమెదే, ఎందుకంటే ఆటల టీచరు ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని అందరి నమ్మకం. కాపురం మిర్యాలగూడలో. భర్త కృపాకర్ అక్కడ ఒక రైసు మిల్లులో బాయిలర్ చూస్తాడు. ఆమె రోజూ బస్సులో పోతుంది, బస్సులో వస్తుంది, సగం నిద్ర కిటికీకి తల ఆనించి అక్కడే పోతుంది.

పుట్టిల్లు గరిడేపల్లి దగ్గర రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. రైఫిలు ఉండేది ఆ ఇంట్లోనే, లైసెన్సు ఆ చిరునామా మీద వచ్చింది కనుక. ఆమె దగ్గర లేనప్పుడు దాన్ని కాపాడే మనిషిగా తండ్రి యేసయ్య పేరు కూడా లైసెన్సులో ఎక్కించారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, గొడవంతా అక్కడే మొదలైంది.

శనివారం సాయంత్రం నవనీత ఆ ఊరు చేరుతుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ముందు గదిలో చాప పరిచి, గోనెసంచి కంటే బిరుసైన కోటు తొడుక్కొని, ఎడమ చేతికి తోలు పటకా బిగించి, గోడ మీద అంటించిన నల్లచుక్కకు గురి పెట్టి బోర్లా పడుకుంటుంది. లోపల గుండు ఉండదు. ఉత్త మీట నొక్కడమే. యేసయ్య గడప అవతల మంచం మీద కూర్చుని చూస్తూ ఉంటాడు. నిజం గుళ్ళు కాల్చాలంటే మాత్రం హైదరాబాదు రేంజికి పోవాలి. ఆ పొడుగాటి పెట్టె చూసి బస్సు కండక్టర్లు "కీబోర్డా అక్కా? చర్చిలదా?" అని అడుగుతారు. అవునంటుంది. తుపాకీ అంటే బస్సు ఆగిపోతుంది, కీబోర్డంటే మహా అయితే ఒక పాట పాడమంటారు. సూర్యాపేట దాటాక ఒకసారి పాడింది కూడా.

ఈ ఆట ఆమెకు వచ్చిన తీరే ఒక విచిత్రం. కోదాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీలో చేరింది. దేశం మీద ప్రేమ ఉందో లేదో గానీ, పరేడ్ అయ్యాక పెట్టే పూరీల మీద మాత్రం గట్టి ప్రేమే ఉండేది. అది నాట్ల కాలం. తల్లి జానమ్మతో కలిసి తెల్లవారకముందే పొలంలో వంగి, పొద్దెక్కాక బురద కాళ్ళు కడుక్కొని కాలేజీ బస్సు పట్టుకునేది. ఒకరోజు హవల్దార్ మోతీలాల్, తిరుమలగిరి పక్క తండా మనిషి, పిల్లలందరినీ వరసగా బోర్లా పడుకోబెట్టి తుపాకులిచ్చి గురి చూడమన్నాడు. అందరి గొట్టాలూ తూగుతున్నాయి. ఒక్క గొట్టం మాత్రం కదలడం లేదు. ఇదెవరబ్బా అని మోతీలాల్ వంగి చూస్తే, పిల్ల నిద్రపోతోంది.

వేరే హవల్దార్ అయితే మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. మోతీలాల్ ఆమె భుజం మీద వేలితో తట్టాడు. "ఏ పిల్లా, లేవకు. కండ్లు మాత్రమే తెరువు. గట్లనే ఉండి మీట నొక్కు."

నొక్కింది. చెప్పినన్ని సార్లూ నొక్కింది. అట్ట తెచ్చి చూస్తే చిల్లులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

"నీకు అలసిపోవుడు వచ్చు బిడ్డా," అన్నాడు మోతీలాల్ ఆ అట్టను ఎండకు పట్టి చూస్తూ. "మంది అలసిపోతే గింజుకుంటరు. నువ్వు నేలకు ఒరిగిపోతవ్. గీ ఆటకు గదే కావాలె."

ఆ తరవాత కోచ్‌లు చాలామంది వచ్చారు, చాలా చెప్పారు. వాటిలో సగం ఆమెకు అర్థం కాలేదు, మిగతా సగం మోతీలాల్ చెప్పిందే ఇంగ్లీషులో.

పడుకోవడమంటే సుఖమనుకుంటారు గానీ, ఇది అలాంటి పడక కాదు. యాభై మీటర్ల అవతల పది పాయింట్ల గుండ్రం చొక్కా గుండీ అంత ఉంటుంది. దాన్ని అరవై సార్లు కొట్టాలి, గంట కూడా ఇవ్వరు. ఒంటి బరువంతా మోచేతుల మీద. పటకా బిగింపుకు ఎడమ చేయి తిమ్మిరెక్కిపోతుంది. ఆ చేతిలో నాడి కొట్టుకున్నప్పుడల్లా గురి చిన్నగా ఎగురుతుంది, రెండు ఎగురుళ్ళ మధ్య దొరికిన సందులో మీట నొక్కాలి. రేంజిలో కట్టిన చిన్న జెండాలు గాలికి ఎటు ఊగుతున్నాయో ఓ కంట కనిపెట్టాలి. అన్నీ అయ్యి లేచేసరికి ఒళ్ళంతా నాట్లేసి వచ్చినట్టే ఉంటుంది. పొలం తప్పించుకుందామని వచ్చి మళ్ళీ పొలంలోనే పడ్డానని నవనీత తనలో తాను నవ్వుకునేది.

ఆ పడకే ఆమెను కొరియా దాకా తీసుకుపోయింది. ప్రపంచ పోటీలు. కోటు వీపు మీద దేశం పేరు. కుడిపక్క జర్మనీ ఆమె, ఎడమపక్క నార్వే పిల్ల, ఇద్దరూ సొంత ఇంట్లో పడుకున్నంత నిమ్మళంగా ఉన్నారు. నవనీతకు మొదటిసారి భయమేసింది. భయంతో తొందరపడింది. అరవై గుళ్ళూ ఎవరో తరుముతున్నట్టు కాల్చేసి లేచింది. ఫలితాల పట్టికలో ఆమె పేరు నడిమికి కొంచెం కింద కనిపించింది. అది చెడ్డ ఫలితమేమీ కాదని అందరూ అన్నారు. తన ఆట తాను ఆడకుండానే లేచొచ్చానని ఆమెకు మాత్రం తెలుసు, ఆ మాట ఇన్నేళ్ళయినా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

తిరిగొచ్చాక గురుకులంలో శాలువా కప్పారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి మైకులో "వచ్చే ఒలింపిక్స్‌లో మన నవనీత మేడంకు బంగారు పతకం ఖాయం" అని ప్రకటించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అచ్చంగా పడుకొని కొట్టే పోటీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు విడిగా ఎన్నడూ లేదు, మగవాళ్ళకు ఉన్నది కూడా తీసేశారు. ఈ ముక్క ఆమె ఆయనకు చెప్పలేదు. ఇప్పటికీ ఊళ్ళో కనబడ్డవాళ్ళు ఒలింపిక్స్ ఎప్పుడని అడుగుతూనే ఉంటారు, ఆమె వచ్చే ఏడు అంటూనే ఉంటుంది.

ఇప్పుడామెకు నలభై దగ్గరపడ్డాయి. ఎడమ భుజం రాత్రిళ్ళు సలుపుతుంది. గురి చూసే కన్ను సగం పోటీ అయ్యేసరికి నీరు కారుతుంది. అయినా ఆసియా పోటీలకు ఢిల్లీలో ట్రయల్స్ పెడుతున్నారని తెలిసినప్పుడు పేరు ఇచ్చేసింది.

"గిదే ఆఖరు," అంది కృపాకర్‌తో. "ఎంపికైతె ఒక్కసారి పోయి, భయం లేకుంట కాల్చొస్త. కాకుంటె ఇగ ఖతం. ఆ పెట్టె ఎవలికన్న ఇచ్చేస్త."

కృపాకర్ మిల్లు నుంచి అప్పుడే వచ్చి, ఒంటి మీద ఊక దులుపుకుంటున్నాడు. "పోయినసారి గూడ గిదే మాటన్నవ్."

"పోయినసారి భుజం గింత నొయ్యలె."

"సరే, పో. నువ్వొచ్చేదాక నా వంట నేను జేసుకుంట. ఆఖరుది ఆఖరుదని మాత్రం అనకు, నవ్వొస్తది."

అంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. ఆటగాళ్ళకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది, దానికి కావలసిన కాగితం నవనీత దగ్గర ఉంది. శనివారం తానే వచ్చి స్టేషన్లో చూపిస్తానని, అందాకా నాయినను దేన్నీ ముట్టుకోవద్దను అని జానమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

కానీ అక్కడున్నది యేసయ్య. ఆయన ఆ ఊరి మస్కూరి. తహసీలు ఆఫీసు నుంచి కబురొస్తే డప్పు కొట్టి ఊరికి చాటడం, అధికారి వస్తే కుర్చీ తుడిచి వేయడం, ఎక్కడైనా మనిషి చస్తే పంచనామా అయ్యేదాకా పీనుగు దగ్గర కాపలా ఉండడం. జీవితమంతా అదే పని, దిగిపోయి ఏళ్ళయినా ఆ పని మాత్రం ఆయనలోంచి దిగలేదు. సర్కారు మాట ఏదొచ్చినా ఊరందరికన్నా ముందు తన ఇంట్లో అమలు కావాలి. మరుగుదొడ్లు కట్టుకోమంటే ఊళ్ళో మొదటి గుంట ఆయనదే. టీకా వేయించుకోమంటే మొదటి చేయి ఆయనదే. ఇంకో పట్టుదల కూడా ఉంది. సర్కారుకు తిరిగిచ్చే వస్తువు ఏదైనా మెరవాలి. పోలింగ్ అయ్యాక బ్యాలెట్ పెట్టెలు మండలానికి పంపేముందు కూడా తడిగుడ్డతో తుడిచేవాడు, చివరికి తహసీల్దారే 'చాలయ్యా యేసయ్యా, దాని మీది సీలు పోతది' అని ఆపేవాడు.

శనివారం నవనీత ఇంట్లో అడుగుపెట్టేసరికి మూలన పెట్టె లేదు.

"రైఫిలేది నాయినా?"

"అప్పజెప్పిన," అన్నాడు యేసయ్య మంచం మీద నుంచి లేస్తూ. మొహం వెలిగిపోతోంది. "మన మండలంల అందరికన్నా ముందు మనదే. నీకెందుకు పరేషాని అని నేనే ఆటోల పెట్టుకొని పోయిన. ఎస్ఐ సారు శెభాష్ అన్నడు."

నవనీత భుజం మీది సంచి కూడా దించకుండా గడప మీద కూర్చుండిపోయింది.

"నేను జెప్పిన తల్లీ," అంటూ జానమ్మ వంటింట్లోంచి వచ్చింది. "బిడ్డ వస్తదట, జర ఆగు అన్న. ఇంటడా! సర్కారు కాయితం కనబడితె గీ మనిషికి పెండ్లాం మాట చెవులకు ఎక్కదు."

స్టేషన్లో రైటరు గోవర్ధన్ ఉన్నాడు. కోదాడ మనిషి, మాటకు ముందో అండీ, వెనకో అండీ. "మీరు చెప్పింది కరెక్టేనండీ మేడం గారూ. కానీ ఒకసారి లోపల పెట్టాక పైనుంచి కాగితం రావాలి కదండీ. ముందే మీ లెటరు చూపించుంటే ఇంతదాకా వచ్చేదే కాదు. మీ నాన్నగారు మేం అడగకముందే పట్టుకొచ్చేశారండీ." ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సోమవారం నుంచి ఆమె స్కూలు మధ్యలో జిల్లా ఆఫీసుకు పరిగెత్తింది. అక్కడ అందరూ మర్యాదగానే మాట్లాడారు, అందరూ రేపు రమ్మన్నారు. ఆ రేపుల తిరుగుడుకే ఆమెలో మిగిలిన కాస్త ఓపిక కూడా అయిపోయింది. ఢిల్లీ రైలు ఇక ఎల్లుండనగా కాగితం చేతికొచ్చింది, రైఫిలు ఇంటికొచ్చింది.

ముందు గదిలో చాప మీద పెట్టె మూత తెరవగానే గుప్పున థిన్నరు వాసన కొట్టింది.

రైఫిలు కొత్తదానిలా మెరుస్తోంది. చెంప ఆనించే చెక్క, భుజానికి ఆనే పట్టీ, ముందు చేయి ఆగే బిళ్ళ, ఇవన్నీ మరలు తిప్పి పైకీ కిందికీ జరుపుకునేవి. నవనీత తన మెడకూ భుజానికీ చేతికీ సరిపోయేలా వాటిని ఏళ్ళ తరబడి ఒక్కో వెంట్రుక వాసి జరుపుకుంటూ వచ్చి, కుదిరిన చోటల్లా ఎర్ర గోళ్ళ రంగుతో సన్నని గీత పెట్టుకుంది. ఆ గీతలను చూసి బిగిస్తే చాలు, తుపాకీ ఒంట్లో భాగమైపోయేది. వేరే ఎక్కడా రాసుకోలేదు. గీతలుండగా రాసుకోవడం ఎందుకు?

ఇప్పుడు ఒక్క గీత లేదు.

"నాయినా, దీని మీద ఎర్ర గీతలుండాలె గద."

"గవ్వా? ఎవలో పోరగాండ్లు గీకినట్టున్నయ్ అనుకున్న," అన్నాడు యేసయ్య ఇంకా ఆ మెరుపు వైపే చూసుకుంటూ. "ఊకె తుడిస్తె పోలె. చర్చి కిటికీలకు రంగేసినప్పటి థిన్నరు మిగిలుండె. బిళ్ళలన్ని ఇప్పి, శుభ్రంగ తుడిచి, మల్ల ఉన్నట్టే పెట్టిన. సర్కారుకిచ్చే వస్తువు మరకలతోని ఇస్తమా బిడ్డా?"

నవనీతకు కోపం వచ్చింది. ఆమెకు కోపం రావడం ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా చూడలేదు, కోపానికి కూడా ఓపిక కావాలి కనుక. ఆ రోజు ఎక్కడినుంచి వచ్చిందో గానీ వచ్చింది.

"సర్కారు, సర్కారు! నీ సర్కారు నీకేమిచ్చింది నాయినా? ఎండల నిలబెట్టింది. పీనుగుల కాడ కావలి బెట్టింది. అన్నం తినే యాల్లకు పిలిస్తె చెయ్యి కడుక్కొని ఉరికినవ్. నాకంటు ఉన్నది ఇదొక్కటి. ఇది గూడ తీసుకపోయి దానికే ఇచ్చినవ్."

అప్పుడు గానీ యేసయ్యకు ఆ గీతలు ఏమిటో అర్థం కాలేదు. ఒకసారి రైఫిలు వైపు, ఒకసారి తన చేతుల వైపు చూసుకొని, చెప్పులు వేసుకోకుండానే పెరట్లోకి పోయాడు.

"ముసలోన్ని అంతంత మాటలంటవా?" అంది జానమ్మ మెల్లగా. తప్పే. అన్న మరుక్షణమే నవనీతకు బాధేసింది. లేచి పెరట్లోకి పోయి రెండు మాటలు మాట్లాడితే అయిపోయేది. లేవలేకపోయింది.

ఆ సాయంత్రం, మర్నాడూ ఆమె చాప మీదే ఉంది. చెంప చెక్క కొంచెం పైకి, మళ్ళీ కిందికి. భుజం పట్టీ కొంచెం లోపలికి. కళ్ళు మూసుకొని పడుకొని, తెరిస్తే గురి చుక్క మీద ఉండాలి. ఉండేది కాదు. ఉన్నా ఎక్కువసేపు నిలిచేది కాదు. గడప అవతల మంచం ఖాళీగా ఉంది. యేసయ్య కోళ్ళ గూడు దగ్గర ఏదో సర్దుతున్నట్టు చప్పుడు వస్తోంది, అంతసేపు సర్దడానికి ఆ గూట్లో ఏమీ లేదు. చివరికి ఇంతకన్నా కాదనుకున్న చోట మరలు బిగించి, పెట్టె మూసి, రైలెక్కింది.

ఢిల్లీలో పొగమంచు. రేంజిలో పాతిన చిన్న జెండాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి, గాలి పేరుకు కూడా లేదు. పక్కన పడుకున్న పిల్లల్లో చాలామంది ఆమె గురుకులం పిల్లలకన్నా నాలుగేళ్ళు పెద్దవాళ్ళేమో. మొదటి సగం బాగానే నడిచింది. అలసట వచ్చింది, ఆమె దానికి ఒరిగిపోయింది, గుళ్ళు పది గుండ్రంలోకి వాటంతటవే పోతున్నట్టు పోయాయి. సగం దాటాక మెడ పట్టేసింది. చెంప చెక్క ఒక వెంట్రుక వాసి కిందికుందని అప్పుడు తెలిసింది. మధ్యలో ఆపి మార్చితే ఉన్నది కూడా చెడుతుంది. మెడ వంచే కొట్టింది. తరవాత కన్ను నీరు కారింది. ఆ నీళ్ళలోంచే ఒక గుండు తొమ్మిదిలోకి జారింది, కాసేపటికి ఇంకొకటి.

ముగ్గురిని తీసుకున్నారు. నవనీత నాలుగు. మూడో పేరుకూ ఆమెకూ ఒక నిండు పాయింటు తేడా కూడా లేదు, దశాంశాల్లోనే పోయింది.

కోటు విప్పుతుంటే ఫోన్ మోగింది. యేసయ్య.

"ఏమాయె బిడ్డా?"

"జరంతల పోయింది నాయినా."

అవతలి నుంచి కోళ్ళ అరుపులు వినిపించాయి. "గా గీతలు... నేను తుడిచిన గద. గందుకేనా?"

నవనీత ఆలోచించింది. మెడ పట్టింది నిజం. కన్ను కారింది కూడా నిజమే, దానికి గీతలతో పని లేదు. రెండింట్లో ఏది ఎంత అని ఎవరు తూచి చెబుతారు?

"కాదు నాయినా. గాలి."

"గాలా?"

"ఆ. ఢిల్లీల బాగ గాలుండె."

ఆమె ఎదురుగా జెండాలు ఒక్కటీ కదలకుండా వేలాడుతున్నాయి.

తిరుగు రైల్లో ఆమె నిర్ణయం గట్టిపడింది. ఏడవలేదు, అంతకన్నా ముందే అలసిపోయింది. పై బెర్తులో పెట్టె పక్కనే ముడుచుకొని పడుకొని, నాయినకు ఏమని చెప్పాలో కూర్చుకుంది. ఇగ ఇడిసిపెడుతున్న. భుజం చాతనైతలేదు. ఇది నీవల్ల గాదు. ఈ మాటలే, ఈ వరసలోనే. మిర్యాలగూడ పోకుండా నేరుగా ఊరికే వచ్చింది, ఆలస్యం చేస్తే చెప్పే ధైర్యం పోతుందని.

ఓట్లు అయిపోయాయి. యేసయ్య ఎడమ చూపుడు వేలి గోటి మీద సిరా మచ్చ ఇంకా నల్లగానే ఉంది, ఊళ్ళో మొదటి ఓటు ఆయనదే అయ్యుంటుంది. ఆమెను చూసి లేచి, గూట్లోంచి ఒక చిన్న సీసా తెచ్చి చాప మీద పెట్టాడు. గోళ్ళ రంగు. ఎరుపు కాదు. తళుకులున్న గులాబీ రంగు.

"కోదాడ దాక పోయిండు దానికోసం," అంది జానమ్మ నవ్వాపుకోలేక. "గాజుల దుకాణంల పిల్ల ఎవలికి తాతా అనడిగితె, తుపాకికి అన్నడట. ఆ పిల్ల పోలీసోల్లకు ఫోన్ జెయ్యకపోవుడు మన అదృష్టం."

"ఎరుపుల గట్టిది లేదన్నరు," అన్నాడు యేసయ్య తల దించుకొని. "ఇది తొందరగ ఆరదట గని, ఆరితె ఇగ పోదట. పండుకో బిడ్డా. ఎక్కడ గీయాల్నో చెప్పు. తుడిచింది నేనే, పెట్టేది గూడ నేనే. మల్లెప్పుడు పోటీ?"

కూర్చుకొచ్చిన మాటలు నవనీత నాలుక మీదే ఉన్నాయి. ఇడిసిపెడుతున్న అని ఒక్క మాట అంటే చాలు. సీసా వైపు చూసింది. దాని మూత ఎన్నిసార్లు తిప్పి చూశాడో గానీ, చుట్టూ రంగు కారి గడ్డకట్టి ఉంది.

"సూడాలె నాయినా," అంది.

కోటు తొడుక్కొంది. పటకా బిగించి పడుకొంది. ఈసారి తొందర లేదు, రైలు లేదు, ఎవరికీ చూపించాల్సిన కాగితం లేదు. చెంప చెక్క కొంచెం పైకి అంది. యేసయ్య మర తిప్పాడు. ఇంకొంచెం. భుజం కాడ జర లోపలికి. కళ్ళు మూసి తెరిచింది. గురి నల్లచుక్క మీద కూర్చుంది. మళ్ళీ మూసి తెరిచింది. అక్కడే ఉంది.

"పాత జాగేనా?"

"తెల్వదు నాయినా. మెడ నొస్తలేదు."

యేసయ్య మోకాళ్ళ మీద వంగి, ఊపిరి బిగబట్టి, సిరా మచ్చ ఉన్న వేలితో చెక్కను పట్టుకొని గీయడం మొదలుపెట్టాడు. సన్నని గీత పెట్టాల్సిన చోట బొద్దింక మీసమంత వంకర గీత వచ్చింది. కొంచెం రంగు ఆమె బుగ్గకు కూడా అంటింది.

"ఆ దినం నువ్వన్నది నిజమే బిడ్డా," అన్నాడు గీత మీది నుంచి చూపు తిప్పకుండా. "సర్కారు నాకేమియ్యలె. గని నువ్వు కొరియా పోయినప్పుడు నీ వీపు మీద దేశం పేరు రాసి తోలింది. మస్కూరోని బిడ్డ వీపు మీద. గందుకే గీ ఇంట్ల నుంచి ఏది పోయినా అందరికన్న ముందు పోవాలె, మంచిగ మెరవాలె అనుకున్న. అంతే."

నవనీతకు కళ్ళు నిండిపోయాయి. ఏదో అనబోయింది.

"కదలకు, కదలకు," అన్నాడు యేసయ్య కంగారుగా. "ఇంక ఆరలె."

కన్నీళ్ళు ముక్కు పక్క నుంచి జారి చెంప చెక్క మీద పడుతున్నాయి. తుడుచుకోవాలంటే చేయి తీయాలి, చేయి తీస్తే గీత చెరిగిపోతుంది. యేసయ్య వంగి, నోటితో మెల్లగా గీత మీద గాలి ఊదుతున్నాడు. రంగు ఆరేదాకా నవనీత కదలలేదు.